బ్యాగు సర్దాల్సింది మీరు కాదండీ

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి 12 ఏళ్లు, గైడ్స్‌లో (ఆడపిల్లల స్కౌటింగు) ఉంది. చిన్నోడికి 8, కబ్స్‌లో, అంటే స్కౌట్స్‌లో చిన్నపిల్లల విభాగంలో, చేరి ఏడాది దాటింది. చేర్పించేటప్పుడు వారానికి ఒక గంటే కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే సోమవారం అమ్మాయి బ్యాడ్జి (ఏదైనా నేర్చుకుని చూపిస్తే ఇచ్చే గుర్తు) పని, మంగళవారం వాడి ప్యాక్ (కబ్స్ గుంపు) మీటింగు, బుధవారం లీడర్ల ప్లానింగ్ కాల్, శుక్రవారం అమ్మాయి మీటింగు, శని ఆదివారాల్లో హైకో, క్యాంపో, సేవా కార్యక్రమమో ఏదో ఒకటి. ప్యాకులో మనుషులు తక్కువగా ఉన్నారంటే అసిస్టెంటుగా ఒప్పుకున్నాను, తర్వాత క్యాంపు లెక్కలు కూడా నాకే వచ్చాయి. నా భార్య నర్సు, నైట్ డ్యూటీలు ఉంటాయి. ఆఫీసు నుంచి వచ్చాక వంట, యూనిఫామ్‌లు, బ్యాగులు, ఫారాలు అన్నీ నేనే చూసుకుంటున్నాను. పడుకునేసరికి పన్నెండు దాటుతోంది. మొన్న నా భార్య "మనం నలుగురం కలిసి కూర్చుని తిని ఎన్నాళ్లయింది?" అంది. నాకు కోపం వచ్చి, ఇదంతా పిల్లల కోసమే కదా అని అరిచాను. చిన్నోడేమో ఈమధ్య మంగళవారం వచ్చిందంటే కడుపునొప్పి అంటున్నాడు. ఇద్దర్నీ మాన్పించేద్దామా అనిపిస్తోంది, కానీ అమ్మాయికి గైడ్స్ అంటే ప్రాణం. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి. కనీసం ఈ నెలలో ఆ మాట ఎత్తకండి. నిద్ర చాలక, ఇంట్లో మాటా మాటా వచ్చి, ఒళ్లు హూనమై ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం అది కాదు. ఇష్టంగా వెళ్తున్న పిల్లని మీ అలసట కారణంగా ఆపేస్తే ఆ అమ్మాయి మీ ముఖం చూసి ఏమీ అనకపోవచ్చు, కానీ మనసులో పెట్టుకుంటుంది.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. మీరు మోస్తున్న బరువులో స్కౌటింగు వల్ల తప్పనిసరిగా వచ్చేది సగం కూడా లేదు. మిగతాది రెండు వైపుల నుంచి వచ్చింది. పిల్లలు చేసుకోవాల్సిన పని మీరు చేస్తున్నారు, చాలామంది పెద్దవాళ్లు పంచుకోవాల్సిన పని మీరొక్కరే నెత్తిన వేసుకున్నారు. కాస్త సూటిగా చెబుతున్నానని ఏమీ అనుకోకండి. మీలాంటి తండ్రులు ప్రతి ప్యాకుకీ కావాలి, అలాంటివాళ్లు అలిసిపోయి ఒకరోజు అన్నీ వదిలేసి వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ చొరవ.

"యూనిఫామ్‌లు, బ్యాగులు, ఫారాలు అన్నీ నేనే" అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. 12 ఏళ్ల గైడ్ యూనిఫామ్ నాన్న ఎందుకు ఇస్త్రీ చేస్తున్నాడు? ఆ పిల్ల చెయ్యలేకనా? చెయ్యగలదు. అడగలేదు కాబట్టి చెయ్యట్లేదు. మీరు చేసేది ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఉద్యమం మొదలైందే పిల్లల చేతికి పని అప్పగించడంతో. 1907 ఆగస్టులో స్కౌటింగు మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండు దక్షిణ తీరంలో బ్రౌన్‌సీ అనే చిన్న దీవి మీద ఇరవై మంది దాకా అబ్బాయిలతో వారం రోజుల పాటు మొదటి క్యాంపు పెట్టాడు. పెద్ద పెద్ద బడుల్లో చదివే పిల్లలూ, కష్టం చేసుకునే ఇళ్ల పిల్లలూ కలిసి ఉన్న గుంపు అది. వాళ్లని తోడేళ్లు, ఎద్దులు, బొంతకాకులు, కర్ల్యూ పిట్టలు అని నాలుగు పట్రోల్స్‌గా, అంటే చిన్న జట్లుగా చేసి, ఒక్కోదానికి ఒక కుర్రాణ్నే లీడరుగా పెట్టాడు. తన పట్రోల్ వాళ్లు ఎలా ఉన్నారు, ఏం చేస్తున్నారు అన్నది ఆ కుర్రాడి పూచీ. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూసినా ట్రూపులు (స్కౌట్ల గుంపులు) నడిచేది ఆ పద్ధతి మీదే: ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు, వాళ్లలో ఒకరు లీడరు, ఎవరు వంట, ఎవరు టెంటు, ఎవరు నీళ్లు అన్నది వాళ్లే తేల్చుకుంటారు. అంటే శుక్రవారానికి ఏం తెచ్చుకోవాలో మీ అమ్మాయిని అడగాల్సింది, గుర్తు చేయాల్సింది ఆ అమ్మాయి పట్రోల్ లీడరు. మధ్యలో మీరు దూరి గుర్తు చేస్తుంటే ఆ లీడరుకి పని లేదు, మీ అమ్మాయికి పట్టింపు లేదు.

బ్యాగు సంగతే తీసుకోండి. క్యాంపు ముందు రాత్రి పదకొండింటికి మీరు కూర్చుని ఎంతో పొందికగా సర్దుతారు, పిల్ల పక్క గదిలో నిద్రపోతుంటుంది. మర్నాడు చీకటి పడ్డాక టెంటులో టార్చి కావాలి. ఏ అరలో ఉందో తనకి తెలీదు, ఎందుకంటే పెట్టింది నాన్న. చేత్తో తడుముతుంది, దొరకదు, బ్యాగు మొత్తం బోర్లిస్తుంది. పొడి సాక్సులు తడి నేల మీద పడతాయి, సబ్బు దువ్వెన ఎవరి పక్క కిందికో వెళ్లిపోతాయి. తెల్లారి మళ్లీ సర్దమంటే స్లీపింగ్ బ్యాగు దాని సంచిలోకి దూరదు, ఇంట్లో ఒక్కసారైనా తను కూరి చూసుంటే కదా. ఇంటికి వచ్చాక సగం సామాను లేదని మీకు కోపం, అది తన తప్పెలా అయిందో అర్థంకాక తనకి ఉక్రోషం.

ఈసారి ఇలా చేసి చూడండి. క్యాంపుకి రెండు రోజుల ముందే, మీకు ఓపిక ఉన్న వేళ, లిస్టు తన చేత్తో తనే రాసుకోవాలి. లిస్టులో ఉన్నవన్నీ నేల మీద పరిచి, ఒక్కోటీ పెట్టి ఒక్కోటీ కొట్టేసుకోవాలి. మీరు పక్కన కూర్చోండి, చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకోండి. చెప్పాల్సిన నాలుగు ముక్కలు మాటతో చెప్పండి: రాత్రి దాకా అక్కర్లేని స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి వీపుకి దగ్గరగా నడిమధ్యలో, ఏ రోజు బట్టలు ఆ రోజుకి విడివిడి ప్లాస్టిక్ సంచుల్లో, వాన కోటు అన్నిటికంటే పైన, టార్చీ నీళ్ల సీసా చెయ్యి వెనక్కి పెడితే అందే జేబులో. సర్దాక ఆ బ్యాగు తగిలించుకుని ఇంట్లో కాసేపు తిరగమనండి. బరువెక్కువైందని తనకే తెలుస్తుంది, ఏం తీసెయ్యాలో తనే తేల్చుకుంటుంది. మందులు, ఆరోగ్య వివరాల ఫారం, వాన కోటు, వెచ్చటి బట్టలు, నీళ్లు – వీటిని మాత్రం మీ కంటితో ఒకసారి చూసుకోండి, వాటి విషయంలో నేర్చుకుంటుందిలే అని వదలకూడదు. మిగతావి మరిచిపోతే మరిచిపోనివ్వండి. చెంచా మరిచిపోయిన పిల్ల పక్కమ్మాయి తినేదాకా ఆగి అడిగి తీసుకుంటుంది, కాసేపు మొహమాటపడుతుంది, అంతకు మించి ఏం కాదు. ఎనిమిదేళ్లవాడికి ఇంత అక్కర్లేదు గానీ, స్కార్ఫూ, దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే రింగూ (వాగుల్) ఎక్కడ పెడతాడో అక్కణ్నుంచే తీసుకోవడం, బూట్ల మట్టి తనే దులుపుకోవడం వాడి వయసుకి చక్కగా సరిపోతాయి.

ఫారాలు కూడా అంతే. సంతకం మీది, వెతికి తెచ్చి ముందు పెట్టడం వాళ్ల పని. వారంలో ఒక వేళ చెప్పేయండి, ఆ వేళకి తెస్తే సంతకం, లేకపోతే పై వారం.

ఇక సోమవారం. అమ్మాయి బ్యాడ్జి పని మీ వారంలో ఎందుకుంది? బ్యాడ్జి తనకీ, తనని పరీక్షించే లీడరుకీ మధ్య విషయం. తల్లిదండ్రులు చార్టులు అతికించి, ఫోటోలు ప్రింట్లు తీసి, ఫైలు కట్టి పంపిన బ్యాడ్జీలు చాలా చూశాను. పిల్లని "ఇందులో నువ్వేం చేశావమ్మా" అని అడిగితే నేల చూపులు చూస్తుంది. పక్కింటి పిల్ల చేతి నిండా బ్యాడ్జీలున్నాయనే పోటీ పిల్లల కంటే పెద్దవాళ్లకే ఎక్కువ. ఏ పిల్ల ఎక్కణ్నుంచి మొదలుపెట్టి ఎంత ముందుకు వచ్చింది అన్నదే చూడాలి గానీ, ఎంతమంది కంటే ముందుంది అన్నది కాదు. కాబట్టి సోమవారం మీరు చేయాల్సింది, తను అడిగితే చెప్పడం, అడక్కపోతే మీ పని మీరు చేసుకోవడం. ఆలస్యమైతే కానివ్వండి. ఆ బ్యాడ్జి వచ్చే టర్ములో వస్తుంది.

అయితే బ్యాడ్జి పనిలో మీ ఇంటికి పనికొచ్చే ఒక మంచి సంగతి ఉంది. మీ భార్య అడిగింది నలుగురూ కలిసి కూర్చుని తినడం గురించి కదా. వంటకి సంబంధించిన బ్యాడ్జి దాదాపు ప్రతి చోటా ఉంటుంది. దాన్ని అమ్మాయి ఇంట్లో, మీ నలుగురికీ, అమ్మ డ్యూటీ లేని పూట చేయాలి. ఏం వండాలో తను అనుకోవాలి, ఏమేం కావాలో తను రాయాలి, పొయ్యి దగ్గర మీరు కనిపెట్టుకుని ఉండాలి, తిన్నాక గిన్నెలు తనూ తమ్ముడూ కడగాలి. మొదటిసారి ఉప్పు తక్కువైనా, గంట ఆలస్యమైనా నోరు మెదపకండి. దాంతో మీకు వారంలో ఒక పూట వంట తప్పుతుంది, ఆవిడ అడిగిన కూర్చోవడం కూడా కుదురుతుంది.

ఇంకోటి, ఇంట్లో నర్సుని పెట్టుకుని ఫస్ట్ ఎయిడ్ కోసం మీరు వీడియోలు వెతుకుతూ ఉంటే ఆవిడకి ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆవిడ స్కౌటింగుకి పూర్తిగా బయట ఉన్న మనిషిలా కనిపిస్తోంది, డ్యూటీ ముగించుకుని వచ్చి మీ ముగ్గురి హడావుడి చూసే మనిషిలా. అమ్మాయి చేత అడిగించండి, "అమ్మా, చేతికి స్లింగ్ కట్టడం చూపించవా" అని. అలిసిపోయి నైట్ డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున్న కాదు, బాగా నిద్రపోయి లేచాక. మడిచిన స్కార్ఫు విప్పితే త్రికోణం గుడ్డే, స్లింగ్‌గా పనికొస్తుంది. చిన్నోణ్ని కుర్చీలో కూర్చోబెట్టి దెబ్బ తగిలినవాడిగా నటించమంటే సంబరపడిపోతాడు. గుడ్డ చెయ్యి కిందుగా పోనిచ్చి, మోచేతి దగ్గర మూల సర్ది, ముడి మెడ ఎముక మీద కాకుండా దెబ్బ తగిలిన వైపు కాలర్ ఎముక పైన ఉండే గుంటలో పడేట్టు కట్టాలి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి, లేకపోతే రక్తం సరిగ్గా ఆడుతోందో లేదో గోరు నొక్కి చూడటానికి ఉండదు. ఆ ముడే రీఫ్ నాట్: కుడిది ఎడమ దాని మీదుగా కిందికి, మళ్లీ ఎడమది కుడి దాని మీదుగా కిందికి. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే అది రీఫ్ నాట్ కాదు, జారిపోయే ముడి. సరిగ్గా పడితే ఒంటికి ఒత్తుకోకుండా బల్లపరుపుగా ఉంటుంది, విప్పడమూ తేలికే, అందుకే కట్లకి దాన్ని వాడతారు. కబ్స్ మొదట్లోనే నేర్చుకునే ముడి కాబట్టి అక్కకి వాడే చూపించొచ్చు. ఇదంతా కలిపి అరగంట పని. మీరు దీన్ని కూడా ఒక ప్రోగ్రాం చేసి, టైము పెట్టి, ఫోటోలు తీయకండి, వాళ్ల ముగ్గుర్నీ వదిలేసి పక్క గదిలో ఒక కునుకు తీయండి.

చిన్నోడి కడుపునొప్పి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది గానీ నాకు అన్నిటికంటే పట్టింపుగా అనిపించింది అదే. మిగతా రోజుల్లో కూడా వస్తోందా, రాత్రి నిద్రలోంచి లేపుతోందా, జ్వరం, వాంతులు, బరువు తగ్గడం లాంటివి ఉన్నాయా అన్నది ముందు చూసుకుని, ఏదైనా ఉంటే డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఆవిడకి ఇది నాకంటే బాగా తెలుసు. ఒక్క మంగళవారాలే అయితే కూడా అది నాటకం అనుకోవద్దు. మనసులో టెన్షన్ ఉంటే ఆ వయసు పిల్లలకి నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది.

అడిగేటప్పుడు "ఎందుకు వెళ్లనంటున్నావు" అని ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పడు. నడుస్తూనో, ఇద్దరూ కలిసి ఏదో పని చేసుకుంటూనో, "మంగళవారం మీటింగులో నీకు నచ్చనిది ఏంటిరా" అని అడిగి ఊరుకోండి, జవాబు మీరు అందించకండి. ఎవరైనా కొడుతున్నారని గానీ, వెక్కిరిస్తున్నారని గానీ, పెద్దవాళ్లెవరైనా ఇబ్బంది పెట్టారని గానీ చెబితే నెమ్మదిగా వినండి, నమ్మండి, తిప్పి తిప్పి ప్రశ్నలు వేయకండి, వెంటనే గ్రూపులో పిల్లల భద్రత చూసే బాధ్యులకి చెప్పండి. మీరు అక్కడ లీడరు కదా, తోటి లీడర్లు ఏమనుకుంటారో అనే మొహమాటం అప్పుడు పనికిరాదు.

అలాంటిదేమీ లేకపోతే నాకు తోచే కారణం ఒకటుంది, లీడర్ల పిల్లల్లో తరచూ కనిపించేది. నాన్న అసిస్టెంటు అయ్యాక వాడికి ప్యాకులో నాన్న లేడు. ఆటలో ముందు ఎవరు అంటే పదిమంది చేతులెత్తినా మీ చూపు వాడి మీద పడదు, పడినా కావాలనే దాటేస్తారు, లేకపోతే వాళ్ల వాడికే అన్నీ ఇస్తాడంటారని. అల్లరి నలుగురు చేస్తే మందలింపు మాత్రం వాడికే పడుతుంది, ఎందుకంటే మిగతావాళ్లని గట్టిగా అనడానికి మీకు మొహమాటం. పైగా ఇంటికి వచ్చే దారంతా "అక్కడ అలా ఎందుకు చేశావు" అనే విచారణ. ఎనిమిదేళ్లవాడికి ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, కానీ ఫలానా అని చెప్పడానికి మాట దొరకదు. అందుకే నొప్పి కడుపులో వస్తుంది. 1916లో కబ్స్ అంటూ వేరేగా మొదలుపెట్టిందే అన్నల వెనకాల మేమూ వస్తామని తిరిగే చిన్నపిల్లల కోసం. పెద్దవాళ్ల ట్రూపుకి అది చిన్న నకలు కాదు, ఆటలూ కథలే దాని ప్రాణం. అక్కడ వాడు ఆడుకోవడానికి వెళ్లాలి, నాన్న పరువు మోయడానికి కాదు.

కాబట్టి వాడి సిక్స్‌ని (కబ్స్‌లో వాడి చిన్న జట్టుని) ఇంకో లీడరు చూసేట్టు మార్చుకోండి. వాడి బ్యాడ్జి పుస్తకంలో మీరు సంతకం పెట్టకండి. తిరిగి వచ్చేటప్పుడు మీటింగు మాట ఎత్తకండి, వాడు చెబితే వినండి. వీలైతే ఒక నెల పాటు మంగళవారం వాణ్ని గుమ్మం దగ్గర దింపి వచ్చేయండి. నొప్పి తగ్గితే కారణం తెలిసినట్టే, తగ్గక వాడు మానేస్తానంటే ఈ టర్ము చివరికి ఆపేయనివ్వండి, తిట్టకుండా, అక్కతో పోల్చకుండా. మళ్లీ ఇష్టం పుడితే తిరిగి రావచ్చు, పెద్దయ్యాక నేరుగా స్కౌట్స్‌లో చేరే పిల్లలూ ఉంటారు.

ఇక మీ బాధ్యతల సంగతి. "వారానికి ఒక గంటే" అని అడిగి తీసుకెళ్లడం స్కౌటింగులో అందరికీ అలవాటైన మాట. అడిగేవాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పరు, వాళ్లకీ మనుషులు దొరకరు. మీ దగ్గర ఇప్పుడు మూడు పనులున్నాయి: మీటింగు, ప్లానింగు, లెక్కలు. ఒకటి ఉంచుకోండి. మొదట వదలాల్సింది లెక్కలు, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఎవరైనా చేయగల పని అది, మీటింగులకి రాలేకపోతున్నామని లోపల బాధపడే తల్లో తండ్రో ఆ పని సంతోషంగా తీసుకుంటారు. గ్రూపులో "ఎవరైనా సాయం చేస్తారా" అని మెసేజ్ పెడితే అందరూ చదువుతారు, ఒక్కరూ పలకరు. ఒక మనిషిని చూసుకుని, ఫోన్ చేసి, "ఈ క్యాంపు లెక్కలు మీరు చూస్తారా, రసీదులు నేను ఇస్తాను, మొదటిసారి పక్కన కూర్చుంటాను" అని అడగండి. అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బుధవారం కాల్ గురించి లీడరుతో మాట్లాడండి: టర్ము మొదట్లో ఒక్క పూట అందరూ కూర్చుని మొత్తం ప్లాన్ వేసుకుంటే, వారం వారం గంట కాల్ అక్కర్లేదు, ఎవరు ఏం తేవాలో నాలుగు మాటల మెసేజ్ చాలు.

కానీ చెప్పాపెట్టకుండా తప్పుకోవద్దు. ఒక్క పెద్దమనిషే పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరుండాలి అనే నియమం చాలా చోట్ల కచ్చితంగా పాటిస్తారు, పాటించాలి కూడా. మీరు హఠాత్తుగా రానంటే ఆ సాయంత్రం మీటింగే రద్దవుతుంది, అంతమంది పిల్లలు తిరిగి వెళ్లిపోవాలి. అందుకని తేదీ చెప్పండి. "ఫలానా తేదీ దాకా వస్తాను, ఈలోగా ఇంకొకరిని చూద్దాం, నేనూ వెతుకుతాను." ఆ తేదీ వచ్చాక ఇంకొక్క నెల అంటారు. ఒప్పుకోకండి.

వారాంతాలు అన్నిటికీ వెళ్లాలని రూలేమీ లేదండీ. ఈ ఆదివారమే క్యాలెండర్ ముందేసుకుని, మొదట మీ ఆవిడ డ్యూటీలు రాయండి. స్కౌటింగు తేదీలు దాని తర్వాత రాయండి, ముందు కాదు. ఆవిడకి సెలవు దొరికిన వారాంతాల్లో కనీసం ఒకటి రెండు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టుకోండి. మిగిలిన వాటిలో ఏ క్యాంపు, ఏ హైకు తప్పకుండా కావాలో పిల్లలే చెబుతారు, మిగతావాటికి రాలేమని గ్రూపులో మొదటి రోజే చెప్పేయండి, చివరి రోజు దాకా నాన్చకుండా. దింపడం, తీసుకురావడం ఇంకో రెండు ఇళ్లతో పంచుకోండి. తడిసిన టెంటు ఆరబెట్టకుండా మడిస్తే బూజు పడుతుంది, నిజమే, కానీ ప్రతిసారీ అది మీ హాల్లోనే ఎందుకు ఆరాలి? నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పొద్దున్నే తలుపు తీసి, కుర్చీల మీదా తాళ్ల మీదా ఆరేసిన టెంటు గుడ్డని తప్పించుకుంటూ పడకగదికి వెళ్లే పరిస్థితి ఉంటే, ఆ ఇల్లు ఆవిడకి తన ఇల్లులా ఎలా అనిపిస్తుంది? మీ ఇంట్లో ఇలా ఉందో లేదో నాకు తెలీదు, లీడర్ల ఇళ్లలో మామూలుగా ఉండేదే. టెంటు ఒక్కోసారి ఒక్కో ఇంటికి వెళ్లాలి, ఆరేసి, దులిపి, మడిచే పని ఆ ఇంటి పిల్లలది.

మీ ఆవిడతో మాట్లాడాల్సిన మాట ఉంది, అది మిగతా అన్నిటికంటే ముందు జరగాలి. ఆవిడ స్కౌటింగు మానమనలేదు. కలిసి తిని ఎన్నాళ్లయిందని అడిగింది. ఆ ప్రశ్నలో నన్ను కూడా లెక్కలోకి తీసుకోండి అనే కోరిక ఉంది, మీకు మాత్రం మీ కష్టాన్ని తప్పుపట్టినట్టు వినిపించింది. అంత అలసటలో అలా వినపడటం సహజమే, అయినా అరవడం తప్పే. "కానీ" అనే మాట లేకుండా సారీ చెప్పండి. "సారీ, కానీ నా పరిస్థితి కూడా" అని మొదలుపెడితే చెప్పనట్టే. మీ పరిస్థితి ఇంకో రోజు చెప్పుకోవచ్చు, ఆవిడ వింటుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి, ఆవిడ డ్యూటీల ప్రకారం ఏ పూట నలుగురూ ఉండగలరో చూసుకోండి. రాత్రి భోజనమే కానక్కర్లేదు. డ్యూటీ నుంచి ఆవిడ వచ్చే పొద్దున్న కావచ్చు, డ్యూటీకి వెళ్లబోయే ముందు సాయంత్రం కావచ్చు, ప్రతి వారం మారొచ్చు కూడా. ఆ పూట లీడర్ల గ్రూపు ఫోన్‌లో మ్యూట్‌లో ఉండాలి. పిల్లలు క్యాంపు కబుర్లు చెబితే చెప్పనివ్వండి, మీరు మాత్రం పై వారం క్యాంపు పనులు ఆ టేబుల్ మీదికి తేకండి.

ఇవన్నీ చేశాక మీకు సమయం మిగులుతుంది. దాన్ని నిద్రకి వాడండి. పైస్థాయిలో ఒక బాధ్యత ఖాళీగా ఉంది, మీరైతే బాగుంటుంది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పని చేసేవాళ్లనే అందరూ అడుగుతారు. ఈ ఏడాదికి కాదని చెప్పండి.

ఒక టర్ము గడిచాక కూడా ఊపిరి ఆడకపోతే అప్పుడు తగ్గించండి, ఈ వరసలో: ముందు వారాంతపు కార్యక్రమాలు, తర్వాత మీ అసిస్టెంటు బాధ్యత, తర్వాత వాడు కోరుకుంటే చిన్నోడి కబ్స్. అమ్మాయి గైడ్స్ జోలికి మాత్రం పోకండి. తన పనులు తను చేసుకోవడం మొదలుపెడితే తన గైడ్స్ వల్ల మీకు మిగిలే పని దింపి తీసుకురావడమే, అది కూడా ఇంకో ఇంటితో పంచుకున్నదే. లెక్కల పుస్తకం ఈ వారంలో ఎవరికి అప్పగించాలో ఇవాళే అనుకోండి. చిన్నోడితో కూర్చోవడం మాత్రం మంగళవారం దాకా ఆపకండి, రేపు సాయంత్రమే వాణ్ని తీసుకుని అలా నడిచి రండి.